ఖాళీగా కూర్చున్న రేకు

కారు కింద ఒక రేకు ఉంటుంది. ఎక్కేవాళ్ళకి అది ఉందని తెలియదు, తోలేవాళ్ళకి ఎందుకుందో తెలియదు, బాగుచేసేవాళ్ళకి అది ఎప్పుడూ అడ్డమే. పొగగొట్టం కాలిపోతూ ఉంటుంది కదా, దానికి దుప్పటి కప్పినట్టు కంపెనీవాడు చుట్టూ బిగించిన రేకు. వేడి తింటుంది, బురద తాగుతుంది, నోరెత్తదు. నోరెత్తనివాళ్ళని ఎవరూ పట్టించుకోరు గనుక ఒకనాటికి దాని బోల్టు ఊడిపోతుంది. అప్పుడది మాట్లాడడం నేర్చుకుంటుంది.

మెట్టపాలెం గోనెసంచుల పర్యవేక్షక కార్యాలయం వారి తెల్ల కారు కింద రేకు కూడా అలాగే మాట నేర్చింది. గలగలగలగల. రైల్వే గేటు దాటిందంటే చాలు, పెళ్ళివారి గిన్నెల బండి వస్తున్నట్టు ఆఫీసు దాకా వినబడేది. ఆ గలగల చెవిన పడగానే సూపరింటెండెంటు అవధానులు గారు నిద్రలేచి కళ్ళజోడు పెట్టుకునేవారు. టైపిస్టు కుసుమ ఒళ్ళో బాగుచేస్తున్న తోటకూర సొరుగులోకి దిగిపోయేది. పర్యవేక్షకులు త్రివిక్రమరావు గారు కారు దిగి గుమ్మంలో అడుగుపెట్టేసరికి అందరూ తలలు వంచుకుని రాసుకుంటూ ఉండేవారు. చూసినవాడికి దేశం బాగుపడుతుందని నమ్మకం కలిగేది.

ఆ కారు తోలే మనిషి గెల్లా దొరబాబు. పేరు దొరబాబే గాని, వెనక సీట్లో కూర్చునే దొర వేరు. అయినా కారంటే కారే. అత్తవారి ఊళ్ళో దొరబాబుని 'కారు అల్లుడు' అంటారు. పెళ్ళిభోజనాల్లో రెండోసారి పులిహోర వడ్డిస్తారు. ఇది గిట్టనిది ఒక్కడికే, భార్య మంగ తమ్ముడు బుల్లియ్యకి. వాడికి కోళ్ళఫారం ఉంది. ఎక్కడ ఎదురుపడినా వాడిది ఒకటే పలకరింపు.

"ఏం బావా, ఆ గలగలల డబ్బా ఎప్పుడాగిపోద్ది? మా కోళ్ళు నీకోసం ఎదురుసూత్తన్నాయి."

కోళ్ళఫారంలో పనంటే గుడ్లు ఏరడం, ఆ కంపు భరించడం, సాయంత్రానికి బావమరిదిని 'ఓనరుగారూ' అని పిలవడం. మొదటి రెండూ దొరబాబు ఓర్చుకోగలడు. మూడోది తలుచుకుంటేనే చెమటలు పట్టేవి.

ఇలా ఉండగా రాజధానిలో డైరెక్టరు గారు ఏదో కొండమీద జరిగిన శిక్షణకి వెళ్ళొచ్చారు. అక్కడ ఎవరో పెద్దమనిషి ఆకాశంలోకి వేలు చూపించి, "ఎగిరే పిట్ట పెట్టె మోయదు" అన్నాడట. అదేం గొప్ప విషయం, పిట్టకి చేతులు లేవు గనుక మోయదు అని మనలాంటివాళ్ళం అనుకుంటాం. డైరెక్టరు గారు మాత్రం కొండ దిగుతూనే 'తేలిక ఉద్యమం' ప్రకటించారు. ప్రతి కార్యాలయంలో అనవసరమైనవన్నీ ఏరి పారేయాలి. ఏది అవసరమో ఏది కాదో తేల్చడానికి సూత్రం కూడా ఆయనే పంపారు: కనబడని పని పని కాదు.

త్రివిక్రమరావు గారికి పైనుంచి ఏది వచ్చినా ప్రసాదమే. తెల్లారేసరికి ఆ సూత్రాన్ని ఎర్రక్షరాలతో మంచి దళసరి రేకుబోర్డు మీద రాయించి గుమ్మం మీద కొట్టించారు. సిబ్బందినంతా నిలబెట్టి, గొంతు సవరించుకుని, ఎవరో చనిపోయిన సభలో మాట్లాడినట్టు మాట్లాడారు.

"ప్రతి ఉద్యోగియు తన అధీనమందున్న వాటిలో ఒక అనవసర వస్తువును గుర్తించి వారాంతములోగా సమర్పించవలెను. గుర్తింపలేనివారు సదరు వస్తువు తామేయని అంగీకరించినట్లుగా పరిగణింపబడును."

తర్వాత ఆయన చూపు నెమ్మదిగా దొరబాబు మీద వాలింది. కారు నడిచినప్పుడు డ్రైవరు పని కనబడుతుందనీ, కారు ఆగి ఉన్నప్పుడు కనబడదనీ, ఈ కార్యాలయపు కారు ఎక్కువభాగం ఆగే ఉంటుందనీ ఆయన విచారంగా సెలవిచ్చారు. దొరబాబుకి చెవుల్లో కోళ్ళు కూశాయి.

వారమంతా అందరూ వెతుకులాటలో పడ్డారు. కుసుమ టైపు మిషను ముసుగు ఇచ్చేసింది. ఇన్నేళ్ళలో ఒక్క దొంగా రాలేదు గనుక తాళం అనవసరమని వాచ్‌మన్ తాళంకప్ప ఇచ్చేశాడు. అవధానులు గారు చాలా ఆలోచించి, నిప్పంటుకుంటే చల్లడానికి వరండాలో వేలాడే ఎర్ర ఇసుక బకెట్లు సమర్పించారు. ఎన్నడూ నిప్పంటుకోలేదు కాబట్టి అవి ఎన్నడూ పని చెయ్యలేదు. లెక్క సరిగ్గా సరిపోయింది. త్రివిక్రమరావు గారు మెచ్చుకున్నారు.

దొరబాబు కారు చుట్టూ తిరిగి తిరిగి తలనొప్పి తెచ్చుకున్నాడు. చక్రం తీస్తే నడవదు, తలుపు తీస్తే దొర ఊరుకోడు. ఆఖరికి కారుని మీరా సాయిబు షెడ్డుకి తోలుకుపోయి కిందకి దూరి పైకి చూశాడు. రేకు కనబడింది. ఒక పక్క వేలాడుతూ, తుప్పు పట్టి, ఊరికే ఉంది.

ఇది అవసరమేనా సాయిబూ అని అడిగాడు. మీరా సాయిబు పక్కన ఇంకో కారు కింద పడుకుని, అటు తిరక్కుండానే చెప్పాడు.

"ఏమో దొరబాబూ. కంపెనోడు పెట్టాడు కాబట్టి ఉంది. బోల్టేసినా మోత ఆగుద్ది, పీకేసినా ఆగుద్ది. నీ ఇష్టం."

బోల్టు వేస్తే సమర్పించడానికి ఏమీ మిగలదు. కాబట్టి పీకించాడు.

రేకుని తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డని ఎత్తుకొచ్చినట్టు తెచ్చి త్రివిక్రమరావు గారి బల్ల మీద పెట్టాడు. ఆయన దాన్ని తిరగేసి చూశారు, వేలితో కొట్టి చూశారు, వాసన కూడా చూశారు. తొందరపడి నిర్ణయించకూడదని, 'ఉష్ణకవచ ఆవశ్యకతా నిర్ధారణ సంఘం' వేశారు. అధ్యక్షులు తామే. సభ్యులు అవధానులు గారు. దొరబాబు సాక్షి.

రేకు పనిచేస్తోందో లేదో తేలాలంటే పనివేళల్లో దాన్ని గమనించాలి. అందుకని దానికి ఒక కుర్చీ వేశారు. పొద్దున ఆఫీసు తెరిచింది మొదలు భోజనాల వేళ దాకా సంఘం దాని ఎదురుగా కూర్చుని కన్నార్పకుండా చూసింది. మధ్యలో అవధానులు గారు కన్నార్పారు గాని, అది చాలాసేపు ఆర్పారు. రేకు కదల్లేదు, మెదల్లేదు, ఒక కాగితం ముట్టుకోలేదు. టీ వచ్చినా లేవలేదు.

కుసుమ దొరబాబు చెవి దగ్గరకి వంగింది. "ఈ లెక్కన అవధానులు గారిని కూడా ఇదే తువ్వాల్లో చుట్టెయ్యాలండీ" అంది.

రెండో పరీక్ష రేకు లేకుండా కారు నడపడం. త్రివిక్రమరావు గారు స్వయంగా ఎక్కారు. దొరబాబు ఆవరణలో ఒక చుట్టు తిప్పాడు. కారు కదిలింది. సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది: కారును కదిలించునది రేకు కాదు; కూర్చున్నప్పుడు రేకు ఏ పనియు చేయుటలేదు; ఇంతవరకు కారు ఎన్నడూ తగలబడలేదు గనుక తగలబడకుండుటకు ఏర్పాటు అనవసరము. రేకు ఉన్నందువల్లే తగలబడలేదేమోనని ఎవరికీ తోచలేదు. దొరబాబుకి అసలే తోచలేదు. ఉద్యోగం నిలబడింది, అతనికి అది చాలు.

పారేయమన్న రేకుని అతను ఇంటికి పట్టుకుపోయాడు. మంగ దాన్ని చూసి, పెళ్ళైన ఇన్నేళ్ళకి మొగుడు ఆఫీసునుంచి ఒక పనికొచ్చే వస్తువు తెచ్చాడని సంతోషించింది. పెరట్లో నీళ్ళపొయ్యి వెనక తాటాకు తడిక ఉంది. మంట ఎగసినప్పుడల్లా అది కమురుతోంది. రేకుని పొయ్యికీ తడికకీ మధ్యన నిలబెట్టింది. ఆ రోజునుంచి తడిక కమరలేదు. దొరబాబు రోజూ ఆ పొయ్యి నీళ్ళతోనే స్నానం చేశాడు, ఆ రేకుకేసే చూస్తూ ఒళ్ళు తోముకున్నాడు. అయినా ఏమీ తోచలేదు.

రేకు ఇంటికి చేరిన మర్నాడే ఆఫీసులో మాత్రం ప్రళయం వచ్చింది. త్రివిక్రమరావు గారి కారు పిల్లి నడిచినట్టు వచ్చి ఆగింది. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి అవధానులు గారు నోరు తెరుచుకుని ఉన్నారు, మాట్లాడ్డానికి కాదు. కుసుమ ఒళ్ళో తోటకూర, బల్లమీద గోంగూర. వాచ్‌మన్ బొత్తిగా లేడు. అందరికీ సంజాయిషీ తాఖీదులు అందాయి. త్రివిక్రమరావు గారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. ఒక్క రేకు తీసేస్తే ఇంత క్రమశిక్షణ వచ్చిందంటే ఇంకా ఎన్ని తీసేస్తే ఎంత రావాలి? దొరబాబుని పిలిచి భుజం తట్టి 'తేలిక వీరుడు' అన్నారు. ఇకమీదట వారానికొక వస్తువు చొప్పున కారునుంచి సమర్పించమన్నారు.

వీరుడికి ఆఫీసులో టీ ఆగిపోయింది. కుసుమ మొహం తిప్పుకుంది. అవధానులు గారు మధ్యాహ్నమంతా మెలకువగా ఉండాల్సి రావడంతో మనిషి సగమైపోయారు. దొరబాబు ఎదురైతే, ఆకలేసినవాడు హోటలు మూసినవాణ్ణి చూసినట్టు చూసేవారు.

అయినా దొరబాబు ఆగడానికి లేదు. ఆగితే కోళ్ళు. ఒక వారం స్టెప్నీ ఇచ్చాడు. నాలుగు చక్రాల మీద నడిచే బండికి అయిదో చక్రం ఎందుకని దొరగారే ప్రశ్నించారు. తర్వాత వైపర్లు, వానాకాలం ఇంకా రాలేదు గనుక. తర్వాత వెనక చూపించే అద్దం, ముందుకు పోవలసిన శాఖకి వెనకచూపు తగదు గనుక. ఆ తర్వాత హారన్ ఇచ్చేశాడు. ప్రభుత్వ వాహనం వస్తోందంటే జనమే తప్పుకోవాలట.

ఆఫీసు కూడా వెనకబడలేదు. మేడమెట్లకి ఉన్న కటకటాలు ఊడబీకారు, ఎవరూ ఎన్నడూ అక్కడినుంచి పడలేదు గనుక. ఆ మర్నాడే వాచ్‌మన్ పడ్డాడు. ఒక్క రోజు పడ్డవాడి మాట పట్టుకుని ఇన్నేళ్ళ అనుభవాన్ని కాదనడం శాస్త్రీయం కాదని త్రివిక్రమరావు గారు కట్టు కట్టించుకుంటున్న వాచ్‌మన్‌కి నచ్చజెప్పారు. నమూనా గోనెసంచుల గదిని కూడా ఖాళీ చేయించారు. సంచుల్ని పర్యవేక్షించే కార్యాలయంలో సంచి లేకపోతేనే పర్యవేక్షణ నిష్పక్షపాతంగా ఉంటుందట.

రేకు లేని కారులో కాళ్ళకింద వేడి పుట్టసాగింది. దొరబాబు చెప్పులు మెత్తబడ్డాయి. ఆ మాట చెబుదామనుకునేలోగా వెనకనుంచి దొరగారే ఆనందంగా నిట్టూర్చారు. ఆయనకి మోకాళ్ళ నొప్పులున్నాయి. ఇన్నాళ్ళూ తమకు న్యాయంగా రావలసిన వేడినంతా ఆ రేకు మధ్యలో కాజేసిందని ఆయనకి అప్పుడు అర్థమైంది.

ఈ కీర్తి రాజధానికి పాకింది. రాష్ట్రం మొత్తంమీద ఇంత తేలికైన కార్యాలయం లేదని విని, డైరెక్టరు గారు స్వయంగా చూడడానికి బయలుదేరి వచ్చారు. మంచి ఎండాకాలం. ఆఫీసులో ఖాళీగా ఉన్న గదులన్నీ చూసి, ఇంకా గోడలు చాలా ఉన్నాయే అన్నారు. త్రివిక్రమరావు గారు ఆ మాట గుర్తుపెట్టుకున్నారు. తర్వాత పక్క ఊళ్ళో సంచుల సదస్సుకని ఇద్దరూ కారెక్కారు. దొరబాబుకి ముందే చెప్పారు: ఈ రోజు సవ్యంగా గడిస్తే అతని ఉద్యోగం తేలిక జాబితాలోంచి శాశ్వతంగా తీసేస్తారు. ఇక జన్మలో కోడిగుడ్డు ఏరక్కర్లేదు.

దొరబాబు ఉతికిన బట్టలు వేసుకుని, ఊపిరి బిగబట్టి తోలాడు. కొంత దూరం వెళ్ళేసరికి డైరెక్టరు గారు కాళ్ళు కాలి, రెండు కాళ్ళూ సీటుమీదకి లాక్కుని బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. ఇది ప్రాచీన భారతీయ ఆసనమనీ, ఈ కారు అధికారులకు దాన్ని ఆటోమేటిగ్గా నేర్పుతుందనీ త్రివిక్రమరావు గారు వివరించారు.

ఆ ఊరి మొగలోకి వచ్చేసరికి రోడ్డు మీద ఈ కొసనుంచి ఆ కొసదాకా ఉలవచేను పరిచి ఉంది. మెట్టసీమలో అది మామూలే. కోసి ఎండబెట్టిన చేనుని తారురోడ్డు మీద పరిచేస్తారు. వచ్చే పోయే లారీలూ బస్సులూ తొక్కుకుంటూ పోతాయి, గింజ రాలుతుంది. నూర్పిడికి ఎడ్లూ అక్కర్లేదు, మిషనూ అక్కర్లేదు. డ్రైవర్లు కూడా కాదనరు. దొరబాబు కూడా ఎన్నోసార్లు తొక్కించాడు.

చేను నూకాలమ్మది. చీపురు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉంది. కారుని చూడగానే చెయ్యూపింది.

"రా నాయనా, మెల్లగా ఎనక్కీ ముందుకీ ఓసారి తిప్పెయ్. నీ కడుపు సల్లగుండ."

డైరెక్టరు గారు కిటికీలోంచి తొంగిచూశారు. రోడ్డంతా మెత్తగా, బంగారు రంగులో పరుపు పరిచినట్టుంది. అటూ ఇటూ జనం నిలబడ్డారు. ఒక ముసలామె చేతులెత్తి పిలుస్తోంది. ఇదేమిటని అడిగారు. త్రివిక్రమరావు గారు పుట్టి పెరిగింది పట్నంలో. అయినా తెలియదని చెప్పడం ఆయన సర్వీసులో ఎన్నడూ జరగలేదు.

"ప్రజలు తమరికి స్వాగతం పరిచారు సార్. ఆ వృద్ధురాలు తమర్ని పదేపదే రమ్మని కోరుతోంది."

డైరెక్టరు గారి కళ్ళు చెమర్చాయి. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి ఆయన్ని ఎవరూ ఒక్కసారి కూడా రమ్మనలేదు. ఇంత అభిమానాన్ని తొక్కుకుంటూ పోవడం మర్యాద కాదు, సరిగ్గా మధ్యలో ఆపమన్నారు. ఇది ఉలవచేనని దొరబాబు చెప్పబోయాడు. కానీ ఈ రోజు సవ్యంగా గడవాలి. పెద్దవాళ్ళు స్వాగతమన్నదాన్ని ఉలవలంటే సవ్యంగా గడవదు. సరిగ్గా మధ్యలో ఆపాడు. కాలుతున్న పొగగొట్టంతో కారు ఎండిన చేను మీద, బొడ్డు దాకా కూరుకుని నిలబడింది.

డైరెక్టరు గారు దిగి, నూకాలమ్మకి నమస్కారం పెట్టి, ఉపన్యాసం మొదలెట్టారు. తొక్కించమంటే ఆపేశారేంటని ఆవిడ గోల పెట్టింది గాని, దాన్ని ఆయన జయజయధ్వానం కింద లెక్కేసుకున్నారు. పిట్ట గురించి చెప్పారు. పెట్టె గురించి చెప్పారు. ఈ కారుకింద ఒకప్పుడు ఒక రేకు ఉండేదనీ, దాన్ని పీకెయ్యడంతో నవయుగం మొదలైందనీ చెప్పారు. అంతలో ఆయన వెనకనుంచి సన్నగా పొగ లేచింది.

ఆయన గుండెలనిండా పీల్చారు. "సాంబ్రాణి కూడా వేశారా" అన్నారు గద్గదంగా.

"పల్లెటూరి సంస్కారం సార్" అన్నారు త్రివిక్రమరావు గారు.

నూకాలమ్మ చీపురు కిందపడేసింది. "సాంబ్రాణి కాదు నా మొగం. నా ఉలవలంటుకున్నాయిరా నాయనా, ఆ బండి తియ్యండి."

దొరబాబు ఉరికాడు గాని, అప్పటికే కింద భగ్గుమంది. చల్లడానికి ఇసుక లేదు, అవధానులు గారు సమర్పించారు. అడ్డంగా మీదకొస్తున్న జనాన్ని తప్పించడానికి హారన్ లేదు. వెనక్కి తీద్దామంటే వెనక ఎవరున్నారో చూసుకోడానికి అద్దం లేదు. గోనెసంచులు తడిపి కొట్టాలని ఎవరో అరిచారు. సంచుల కార్యాలయం వారి కారులో ఒక్క సంచీ లేదు. ఆఖరికి రైతులే ఇళ్ళనుంచి సంచులు తెచ్చి, కాలవలో ముంచి, పక్క చేలకి అంటుకోకుండా మంటని చావబాదారు. ఆ హడావుడిలో త్రివిక్రమరావు గారు ఒక రైతు చేతిలో సంచిని అలవాటు కొద్దీ రెండు వేళ్ళతో నలిపి చూసి, నేత పలచగా ఉంది, ఇది ప్రమాణానికి తక్కువ అన్నారు. ఆ రైతు అదే తడిసంచితో ఆయన వీపు మీద ఒక్కటేశాడు. ఆయన కోటుకి నిప్పురవ్వ అంటుకుందని తర్వాత అందరూ చెప్పారు. అంటుకుందో లేదో ఎవరూ విచారించలేదు.

ఎవరికీ ఏమీ కాలేదు. ఊరంతా వేగిన ఉలవల కమ్మటి వాసన కమ్ముకుంది. కారున్నచోట మాత్రం నల్లటి చువ్వల పోగు మిగిలింది. మర్నాటికి ఆ పోగుని కూడా పాత ఇనపసామాన్లవాళ్ళు ఊడ్చుకుపోయారు.

త్రివిక్రమరావు గారు విచారణ జరిపించారు. విచారణాధికారి తామే గనుక ఆలస్యం కాలేదు. ఇంతకు ముందు కారు ఎన్నడూ తగలబడలేదు, ఇకమీదట తగలబడుటకు కారు లేదు, కావున నడుమ జరిగిన ఒక్కదానిని నియమముగా పరిగణించరాదని తేల్చారు. రేకు అనవసరమన్న నిర్ణయంలో లోపం లేదు. అంతా బాగానే ఉంది గాని, అడుగున ఒక్క వాక్యం చేర్చారు. కారు లేనందున డ్రైవరు అనవసరము.

ఈ కబురు దొరబాబు కంటే ముందు బుల్లియ్యకి చేరింది. పెరటిగోడ మీదనుంచి తల పెట్టి, ఓనరుగారూ అనడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకోమని నవ్వి పోయాడు. దొరబాబు నీళ్ళపొయ్యి ముందు తలపట్టుక్కూర్చున్నాడు. మంట ఎగుస్తోంది, తడిక భద్రంగా ఉంది, మధ్యలో రేకు. చాలాసేపు దాన్నే చూశాడు. రేకు వల్లే తడిక కాలడంలేదని ఇప్పటికీ తట్టలేదు. వేరే ఒకటి తట్టింది. అతని మొహంలో చిన్నప్పుడు బళ్ళో పంతులుగారి కుర్చీకింద టపాకాయ పెట్టినప్పటి వెలుగు వచ్చింది.

రేకుని మళ్ళీ తువ్వాల్లో చుట్టుకుని ఆఫీసుకి పరిగెత్తాడు. తిన్నగా అవధానులు గారి దగ్గరకి వెళ్ళి, చేతులు కట్టుకుని, ఎంతో అమాయకంగా అడిగాడు.

"అయ్యగారూ, మడిసికి చెయ్యి తెగిపోతే మడిసి ఉన్నట్టేనా అండి?"

ఉన్నట్టే అన్నారాయన.

"కాలు కూడా పోతేనండి?"

అప్పటికీ ఉన్నట్టే.

"మరి కారంతా పోయి రేకొక్కటి మిగిలితే కారున్నట్టా, లేనట్టా అండి?"

అవధానులు గారు తువ్వాలు విప్పారు. రేకుని రెండు చేతులా పైకెత్తి మెల్లగా ఊపారు. గలగలగలగల. కుసుమ ఉలిక్కిపడి సొరుగు లాగింది. వాచ్‌మన్ కుంటుకుంటూ వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. ఎన్నాళ్ళకో విన్న ఆ మోతకి అవధానులు గారి కళ్ళు నిద్రమత్తుతో కూడిన ఆనందంతో బరువెక్కాయి. సర్వీసులో మొట్టమొదటిసారి, పిలవకుండా, పరుగున ఆయన పర్యవేక్షకుల గదిలోకి వెళ్ళారు.

"అయ్యా, వాహనమనగా దాని సమస్త భాగములు, లేక వానిలో ఏదైనను. అది మన నిబంధన. ఒక భాగము సజీవముగా ఉన్నంతకాలము వాహనము ఉన్నట్లే. కారు కాలిపోయిందంటే తమరూ, ఆ పూట కారులో ఉన్న డైరెక్టరు గారూ సంజాయిషీ రాయాలి. కారు ఉందంటే ఎవరూ ఏమీ రాయనక్కర్లేదు."

త్రివిక్రమరావు గారు లేచి నిలబడ్డారు. కూర్చున్నారు. మళ్ళీ లేచారు. రాజధానికి ఫోను చేశారు. అవతల డైరెక్టరు గారు అన్నారట, తేలిక ఉద్యమం ఏ గమ్యానికి బయలుదేరిందో ఆ గమ్యం ఇదేనని. ఒక్కొక్కటే అనవసరమైనవన్నీ తీసేసుకుంటూ పోతే, అత్యవసరమైన భాగం ఒక్కటే మిగిలింది. రాష్ట్రంలోకెల్లా తేలికైన ప్రభుత్వ కారు. చంకలో పెట్టుకుపోవచ్చు.

ఆ సాయంత్రం రేకుని ఇంటికి తెస్తే అక్కడ చిక్కు వచ్చింది. మంగ దాన్ని మళ్ళీ ఇవ్వనంది. కారు కావాలంటే నా తడికకి ఇంకో అడ్డం తెచ్చిపెట్టి తీసుకుపొమ్మంది. దొరబాబు ఆఫీసంతా వెతికాడు. తేలిక ఉద్యమం పుణ్యమా అని అక్కడ తీసుకుపోదగ్గది ఏదీ మిగల్లేదు, గుమ్మం మీది బోర్డు తప్ప. ఇక ఉద్యమం గమ్యం చేరిపోయింది గనుక బోర్డు అనవసరమని రాసి అవధానులు గారు దాన్ని దించేశారు. ఎర్రక్షరాల వైపు పొయ్యికి తిప్పి మంగ దాన్ని నిలబెట్టింది. కనబడని పని పని కాదు అన్న అక్షరాలు రెండు మంటలకే మసి పట్టి కనబడకుండా పోయాయి. తడిక మాత్రం కమరలేదు.

ఇప్పుడు మీరు మెట్టపాలెం వెళితే, గోనెసంచుల కార్యాలయం వరండాలో ఒక కుర్చీ, కుర్చీలో ఒక రేకు, రేకుకి కొత్తగా కొట్టించిన నంబరు ప్లేటు కనబడతాయి. పక్కన ఉతికిన బట్టల్లో దొరబాబు కూర్చుని ఉంటాడు. పొద్దున్నే దాన్ని గుడ్డతో తుడుస్తాడు, శుక్రవారం నిమ్మకాయ కడతాడు. పెళ్ళిభోజనాల్లో రెండోసారి పులిహోర ఇంకా పడుతోంది. త్రివిక్రమరావు గారు రిక్షాలో వస్తారు, చప్పుడు కాకుండా. దొరబాబుకి అక్కడినుంచి రైల్వే గేటు దాకా కనబడుతుంది. రిక్షా గేటు దాటగానే రెండు చేతులా రేకుని ఎత్తి గలగలమని ఊపుతాడు.

లోపల అవధానులు గారు లేచి కళ్ళజోడు పెట్టుకుంటారు.